ఇరవై ఎనిమిది బిళ్ళలు

ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు పేపర్లో జిల్లాల వారీగా పట్టిక వేస్తారు. మీరూ చూసే ఉంటారు. నియోజకవర్గం పేరు, గెలిచినవాడు, రెండో స్థానంలో నిలిచినవాడు, ఆధిక్యం. కోలారు జిల్లా వచ్చేసరికి నేను పేజీ తిప్పేస్తాను. మా ఇంట్లోవాళ్లు నాకు రాజకీయాలంటే విసుగనుకుంటారు. విసుగు కాదు, భయం. ఆ పట్టికలో ఎప్పుడూ అచ్చు కాని ఒక అంకె ఉంది. దాన్ని ఇన్నేళ్లుగా నేనొక్కణ్ణే మోస్తున్నాను. నా భార్యకి కూడా తెలియదు. పొద్దున దీపం పెట్టి దేవుడికి అన్నీ చెప్పుకునేటప్పుడు కూడా ఆ ఒక్కదాని చుట్టూ తిరిగి పక్కకి వచ్చేస్తాను, ఆయనకి తెలియదన్నట్టు.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకి చెప్పే ధైర్యమే ఉంటే విషయం ఇంతదూరం వచ్చేది కాదు. పేర్లు మార్చాను. ఊళ్లు మార్చలేదు. అంకెలు కూడా మార్చలేదు, వాటిని మారిస్తే ఇంక ఒప్పుకోవడానికి ఏమీ మిగలదు.

మాది కేజీఎఫ్‌లో, బంగారు గనుల పక్కన, ఊరిగాం. మా నాయన బైరకూరు దగ్గర రాగి చేను అన్నకి వదిలేసి గనిలో కూలికి వచ్చాడు. ఆయన తరవాత నేను. పన్నెండేళ్లు భూమి కింద రాయి బండ్లు తోశాను. తరవాత కంపెనీ గని మూసేసింది. అది పెద్ద కథ, అందరూ చెప్పారు, నేను చెప్పను. నాకు చేతిరాత బాగుండేది, కన్నడం బాగా రాసేవాణ్ణి. తాలూకా ఆఫీసు బయట ఒక బల్ల వేసుకుని అర్జీలు రాయడం మొదలుపెట్టాను.

గంగులప్ప సంగతి చెప్పాలంటే ముందు బిళ్ళల సంగతి చెప్పాలి. గనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ళ ఒకటి ఉండేది. మనుషుల్ని కిందికి దించే షాఫ్టు పక్కన బిళ్ళల గది. గోడకి పెద్ద బోర్డు, బోర్డు నిండా మేకులు. దిగేటప్పుడు మన మేకు నుంచి బిళ్ళ తీసి ఇస్తారు, జేబులో వేసుకుని దిగుతాం. పైకొచ్చాక కిటికీలో ఇస్తే మళ్లీ అదే మేకుకి తగిలిస్తారు. షిఫ్టు అయిపోయాక ఒక మేకు ఖాళీగా ఉంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. అప్పుడు ఎవరూ ఎవరినీ సంజాయిషీ అడగరు. వెతకడానికి దిగుతారు.

గంగులప్ప ఆ గదిలో ఇరవై ఏళ్ల పైన పనిచేశాడు. మేమంతా గంగన్న అనేవాళ్లం. ఆయనకి మనిషి పేరు మరుపొచ్చినా మేకు మరుపు రాదు. కొత్తగా ఆ పనిలో చేరిన రోజుల్లో లోపల రాయి పేలి ఒకాయన చిక్కుకుపోయాడు. ఆవని అనే ఊరి నుంచి వచ్చి గనిలో చేరిన మనిషి. మూడు రోజులు ఆ మేకు ఖాళీగా ఉంది, మూడు రోజులూ గంగన్న కిటికీ వదిలి ఇంటికి పోలేదట. చివరికి శవం పైకొచ్చింది, బిళ్ళ చొక్కా జేబులోనే ఉంది. దాన్ని తుడిచి, తనే తీసుకెళ్లి ఆ ఇంట్లో ఇచ్చాడు. అందుకున్నది పెద్దకూతురు సంతోషమ్మ. రెండేళ్ల తరవాత ఆమెనే పెళ్లి చేసుకున్నాడు. ఆమెది చర్చి, ఆయనది చర్చి కాదు. అయినా ప్రతి ఆదివారం ఆమెని ఊరిగాం చర్చిదాకా నడిపించుకుపోయి, ప్రార్థన అయ్యేదాకా కాంపౌండు గోడ మీద కూర్చుని, మళ్లీ ఇంటికి తీసుకొచ్చేవాడు. మా గుమ్మం ముందు నుంచే పోయేవాళ్లు. ఆ జంటని చూసి గడియారం సరిచేసుకోవచ్చని మా ఆవిడ ఎగతాళి చేసేది.

గని మూసేశాక మాకు మిగిలినవి కంపెనీ కట్టించిన ఇళ్లు. వరసకి ఇన్ని అని కట్టిన రెండేసి గదుల కొంపలు, ఒక్కో వరసని లైను అంటాం. మూడు తరాలు పుట్టి పెరిగిన ఇల్లు నీది కాదు, ఖాళీ చెయ్యి అంటే ఏం చేస్తాం? అర్జీలు పెట్టాం. పెట్టాం అంటే నేను రాశాను, గంగన్న సంతకం పెట్టాడు. ఆరేడేళ్లు రాశాను. ఎవరికి రాయలేదని అడగండి. జవాబు రాలేదు. గని మూసేశాక రెండోసారి అసెంబ్లీ ఎన్నికలు వచ్చినప్పుడు, ఇంక మన మనిషినే నిలబెడదామని మా లైన్లో అనుకున్నాం. ఆ మాట మొదట అన్నది నేను. మాది రిజర్వుడు స్థానం, నేను నిలబడే వీల్లేదు. గంగన్న నిలబడగలడు. ఆయన వద్దంటే ఇంటికెళ్లి కూర్చుని ఒప్పించాను. గుర్తుల్లో నిచ్చెన ఏరింది నేను. ఆయన మైకులో మాట్లాడిన ప్రతి వాక్యం నేను రాసిచ్చి కంఠతా పట్టించినదే.

ఇంత ఎందుకు చెబుతున్నాను? నన్ను నేను పెద్ద చేసుకోవడానికా? అదీ ఉంది. దాచను.

ఒక్కటి మాత్రం పూర్తిగా ఆయన ఆలోచన. గని సామాన్లు వేలం వేసినప్పుడు బిళ్ళల గదిలోని చిన్న బోర్డు ఒకటి తెచ్చుకుని ముందుగదిలో పెట్టుకున్నాడు. మూసేసేటప్పుడు బిళ్ళలు వెనక్కి ఇవ్వమంటే పోయాయని చెప్పి జేబులో వేసుకున్నవాళ్లే ఎక్కువ, కాబట్టి ప్రతి ఇంట్లో తాతదో తండ్రిదో ఒక బిళ్ళ ఉండేది. కర్పూరం ఆర్పి ఒట్టేయడాలు, బైబిలు మీద చెయ్యి పెట్టడాలు మనకొద్దన్నాడు గంగన్న. ఓటు వేస్తాననేవాళ్లు బిళ్ళ తెచ్చి ఈ బోర్డుకి తగిలించండి, ఒక ఓటుకి ఒక బిళ్ళ. ఆడవాళ్లు తండ్రిదో మామదో తెచ్చారు. అందరికంటే ముందు తగిలించింది సంతోషమ్మ, వాళ్ల నాయన బిళ్ళ. రెండోది ఆయనే తగిలించాడు, మూడోది నాది. మొత్తం ఇరవై ఎనిమిది అయ్యాయి. పెద్ద సంఖ్య కాదు. మా బూత్‌లో ఓటర్లు వందల్లో ఉన్నారు. కానీ ఆయన ఆ బోర్డు చూసుకుని పొంగిపోయేవాడు.

ఇంక నామినేషన్ రోజు. ఊరిగాం మైదానంలో చిన్న మీటింగు పెట్టాం. తన కోసం పనిచేసినవాళ్లని ఒక్కొక్కరినే పేరు పెట్టి చెబుతూ వచ్చాడు. జెండాలు కట్టినవాణ్ణి చెప్పాడు, ఆటో ఇచ్చినవాణ్ణి చెప్పాడు. నా వంతు వచ్చింది. "ఈయప్ప మా రైటరు. నేను చెప్పేది రాస్తాడు," అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. ఎవరో "రైటరూ" అని కేక కూడా వేశారు.

నేను చెప్పేది రాస్తాడు. అంతే. తప్పుడు మాట కూడా కాదు, ప్రేమగానే అన్నాడు. కానీ నాకు లోపల ఏదో తెగింది. ఏడేళ్లు ఎవరి మాటలు ఎవరు చెప్పారు? నేను ఆయనకి నోరైతే, ఆయన నన్ను ఉత్త చెయ్యి కింద జమకట్టేశాడనిపించింది. మోసపోయాననిపించింది. చాలా చిన్న మాటకి చాలా పెద్ద మోసం జరిగినట్టు కుమిలిపోయాను. ఇంటికొచ్చి అన్నం సహించలేదు. ఇంకో ప్రశ్న ఉంది, దాన్ని అడగడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది: ఆ మాట నా కులంవాడు అని ఉంటే నాకు అంత గుచ్చుకునేదా? గంగన్న లాంటివాళ్లు అర్జీ పట్టుకుని నా బల్ల ముందు నిలబడేవాళ్లు, నేను కూర్చుని రాసేవాణ్ణి. మైకు ముందు అది తలకిందులైంది. నాకు నొప్పి పుట్టింది అక్కడేనేమో. అవును, అక్కడే.

పోలింగు బూత్ స్కూల్లో. మిషను మీద పేర్లు వరసగా ఉన్నాయి. నిచ్చెన ఉంది. దాని కిందనే కప్పూ సాసరూ గుర్తు. ఎవరో స్వతంత్ర అభ్యర్థి, మా వైపు ఒక్కసారి కూడా ప్రచారానికి రాలేదు. నామినేషన్ ఆఫీసులో ఒకసారి కనిపిస్తే పలకరించాను, తనది ఆవని అని చెప్పాడు. ఆయన మీద నాకు ప్రేమా లేదు, పగా లేదు. నా వేలు నిచ్చెన దాకా వెళ్లింది. వెళ్లి ఒక అంగుళం కిందికి జారింది. జారలేదు, నేనే జరిపాను. నొక్కాను. ఎర్ర లైటు వెలిగింది, కూత వచ్చింది. అంత సేపూ నా మనసులో ఉన్నది ఒకే మాట: నువ్వు చెప్పేదే రాస్తానా? ఇదిగో, ఇది నేను రాసింది.

బయటికి వస్తే గంగన్న దూరంగా గీత అవతల నిలబడి ఉన్నాడు. అయ్యిందా అని కళ్లతోనే అడిగాడు. అయ్యిందని తలూపాను. నా భుజం తట్టాడు. అప్పటికే నాకు సిగ్గేసింది, అది నిజం. కానీ ఒక్క ఓటు, ఎలాగూ గెలవని మనిషికి ఒక్క ఓటు తగ్గితే ఏమైంది, ఎవరికి తెలుస్తుంది? అలా సర్దిచెప్పుకుని ఇంటికి పోయి హాయిగా భోంచేశాను.

జిల్లాలోని ఆరు స్థానాల లెక్కింపూ కోలారులో ఒకే కాలేజీలో. గంగన్న తరపున లెక్కింపు ఏజెంటుని నేనే. మామూలు కౌంటింగు ఎలా ఉంటుందో అలాగే ఉంది, ఇనప వల జాలీ అవతల టేబుళ్లు, జాలీ ఇవతల మేము మెడలు సాచి. ఒక్కో మిషను తెరిచి, అభ్యర్థుల వరసలో అంకెలు చూపిస్తారు, మేము రాసుకోవాలి. బూత్ వారీగా. పాత కాలంలో కాగితాల ఓట్లయితే అన్నీ కలిపేసేవాళ్లట, ఏ వీధివాళ్లు ఎవరికి వేశారో తెలిసేది కాదు. మిషను వచ్చాక ఆ దాపరికం పోయింది.

మా బూత్ మిషను వచ్చింది. పెద్ద పార్టీలకి వందల్లో. నిచ్చెనకి ఇరవై ఏడు. కప్పూ సాసరుకి ఒకటి.

ఆ ఒకటిని నా చేత్తో నేను రాసుకున్నాను. అంత పెద్ద హాల్లో, అన్ని వేల ఓట్ల మధ్య, నా ఓటు ఒక్కటే బట్టల్లేకుండా నిలబడి నన్ను చూస్తున్నట్టుంది. నిచ్చెన పక్కన ఇరవై ఎనిమిది అని, దీని పక్కన సున్నా అని రాసుంటే అయిపోయేది. ఎవరు తనిఖీ చేస్తారు? కానీ నేను రాతలో అబద్ధం రాయను. ఎన్ని వేల అర్జీలు రాసినా ఒక్క అబద్ధం రాయలేదన్న పొగరు నాది. ఆ పొగరే ఆ రోజు కూడా నా పెన్ను పట్టుకుంది. ఎంత గొప్ప నిజాయితీయో చూడండి.

బస్సు దిగి తిన్నగా ఆయన ఇంటికి వెళ్లాను. మధ్యాహ్నం మూడు దాటింది. కోలారు రమ్మంటే ఆయన రానన్నాడు. బిళ్ళల గదివాడు కిటికీ దగ్గరే ఉండాలి, పైకొచ్చినవాళ్లు వచ్చి చెబుతారన్నాడు. పొద్దున చూసి వెళ్లినట్టే బోర్డు పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. మొత్తం ఓట్లు ఎన్నో చెప్పాను. డిపాజిట్టు దరిదాపుల్లో కూడా లేవు. నవ్వాడు.

"గెలస్తామని ఎవురనుకున్నారప్పా? మన బూత్ చెప్పు."

"ఇరవయ్యేడన్నా."

లేచాడు. బోర్డు మీద ఒక్కో బిళ్ళనీ వేలితో తాకుతూ లెక్కపెట్టాడు. తొందర లేదు. చివరిదాని మీద వేలు ఉంచి నా వైపు తిరిగాడు.

"ఇరవయ్యెనిమిది ఉండాయే."

"అవునన్నా."

"అయితే ఒగరు ఇంగా కిందనే ఉండారు."

ఆ మాట ఆయన హాస్యానికి అనలేదు. ఇరవై ఏళ్లు ఆ కిటికీలో కూర్చున్నవాడికి ఒకటి తక్కువ కావడమంటే ఏమిటో నాకు తెలుసు. ఓడిపోవడాన్ని దులిపేసుకోగలడు, దీన్ని దులుపుకోలేడు. నా చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. వేలు పెట్టి వరసగా చదివాడు.

"ఈ కప్పూ సాసరూ ఎవురిది? ఒగటి పడిండాది. మన లైన్లో ఈయప్ప ఎవురికి తెలుసు?"

"తెలీదన్నా."

తలెత్తి నా కళ్లలోకి చూశాడు.

"తెలీదా? నామినేషన్ ఆఫీసులో అందరితో మాట్లాడినోడివి నువ్వే కదప్పా."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడంటారు. ఆయన దొంగ అని కూడా అనలేదు, ఊరికే అడిగాడు. నేను తడుముకోకుండా ఉండాలంటే ఇంకెవరి భుజమో చూపించాలి. అప్పుడు ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. అబద్ధం కాదు. నేను జీవితంలో పలికిన అన్ని నిజాల్లోనూ పాపిష్టిది.

"ఆయనది ఆవని అంటన్నా."

"ఆవని" అన్నాడు గంగన్న, ఎవరితోనో కాదు, తనతోనే. మొదటి మేకుకున్న మామ బిళ్ళ వైపు చూశాడు. సరిగ్గా ఆ సమయానికి సంతోషమ్మ లోపలినుంచి గ్లాసుతో మజ్జిగ తెచ్చింది.

"ఎండన పడి వచ్చినావు, తాగప్పా. పోతే పోనీ, ఓట్లదేముండాది. మన ఇరవయ్యెనిమిది మనకి పడినాయి కదా, అది చాలు."

నేను తాగాను. గ్లాసు ఖాళీ చేసి చేతికిచ్చాను.

ఆ సాయంత్రమే ఆయన ఆమె తండ్రి బిళ్ళని మేకు నుంచి తీసి ఆమె అరచేతిలో పెట్టాడట. ఇదేంది అంటే, మీ ఊరోళ్లకే వేసుకున్నావు కదా అన్నాడట. అంతకంటే ఒక్క మాట లేదు. ఇది నాకెలా తెలుసంటే, మర్నాడు పొద్దున్నే ఆమె మా ఇంటికొచ్చింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి. బిళ్ళ కొంగున కట్టుకుని ఉంది. వదినా రా కూర్చో అన్నాను. కూర్చోలేదు. చదువుకున్నవాడివి, నువ్వు చెబితే ఆయన వింటాడు, మిషన్లో పేరు పడదు కదా, ఆవని అయినంత మాత్రాన నేనెట్లా అవుతాను, నువ్వొచ్చి చెప్పు అని బతిమాలింది. మా నాయన బిళ్ళ మీద అబద్ధం ఆడతానా అంది.

చెబుతానన్నాను. వెళ్లలేదు.

చెప్పడానికి ఏమీ లేకపోయిందా అంటే, ఉంది. అసలు ఆ లెక్కే తప్పు లెక్క. బిళ్ళ తగిలించనివాళ్లు కూడా నిచ్చెనకి వేసి ఉండొచ్చు. తగిలించినవాళ్లలో నలుగురు ఎగ్గొట్టి ఉండొచ్చు, బయటినుంచి ముగ్గురు వేసి ఉండొచ్చు. ఆ ఇరవై ఏడులో ఎవరున్నారో బ్రహ్మదేవుడికి తప్ప తెలియదు. గనిలో బోర్డు అబద్ధం చెప్పదు, ఎందుకంటే ఎవరి బిళ్ళ వాళ్ల జేబులోనే ఉంటుంది. ఓటుకి నంబరు లేదు. ఈ మాట ఐదు నిమిషాల్లో ఆయనకి అర్థమయ్యేలా చెప్పగలిగినవాణ్ణి మా లైన్లో నేనొక్కణ్ణే. నా తప్పు ఒప్పుకోకుండానే ఆమెని బయటపడేయగలిగేవాణ్ణి. అది కూడా చేయలేదు. ఎందుకు? ఆయన మళ్లీ ఆ కాగితం విప్పి, మళ్లీ నా కళ్లలోకి చూస్తాడని. ఆ చూపు రెండోసారి తట్టుకోలేనని. అంతే కారణం. ఇంతకంటే పెద్ద కారణం వెతికాను, దొరకలేదు.

ఆమె వచ్చిన రోజే పేపరూ వచ్చింది. పట్టికలో మా నియోజకవర్గం ఎదురుగా ఇద్దరి పేర్లున్నాయి, గంగన్న పేరు లేదు. లైన్లోవాళ్లు వారం మాట్లాడుకుని మర్చిపోయారు. ఆ తరవాతి ఆదివారం నేను గుమ్మంలో కూర్చుని ఉన్నాను. సంతోషమ్మ ఒక్కతే చర్చికి నడిచి వెళ్లింది. ఆయన ఆరోగ్యం బాలేదేమో అనుకోవాలని ప్రయత్నించాను. మళ్లీ ఆదివారం ఒక్కతే. ఆ మళ్లీ ఆదివారం కూడా. మా ఆవిడ గడియారం ఎగతాళి మానేసింది. ఒకసారి మాత్రం, వాళ్లకి ఏమైందో నీకేమైనా తెలుసా అని అడిగింది. మొగుడూపెళ్లాల మధ్య మనకెందుకన్నాను.

తొమ్మిదేళ్లు అలా గడిచాయి. కొట్టుకోలేదు, తిట్టుకోలేదు. ఆమె వండి పెట్టేది, ఆయన తినేవాడు. ఆయన నాతో మాత్రం మునుపటికంటే ఎక్కువ మాట్లాడేవాడు. సాయంత్రం మా గుమ్మంలో కూర్చుని, కట్టుకున్నదే పైనుంచి తాడు కోస్తే కిందున్నోడు ఏం చేస్తాడప్పా అన్నాడు ఒకసారి. నన్ను తన మనిషిననుకున్నాడు. నమ్మకద్రోహం గురించి నమ్మకద్రోహికే చెప్పుకున్నాడు. నేను ఊఁ కొట్టాను. ఆ ఊఁ ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. చెప్పేద్దామని గొంతుదాకా వచ్చిన రోజులున్నాయి. ఆయన మనవరాలికి పేరు పెట్టిన రోజు ఒకటి. ఆయాసంతో ఆస్పత్రిలో ఉన్నప్పుడు, నేను నారింజ తొనలు వలిచి నోట్లో పెడుతున్నప్పుడు ఒకటి. ఇప్పుడు చెబితే గుండె ఆగిపోతుందేమో అనుకున్నాను. అంటే ఆయన మంచికే ఊరుకున్నానన్నమాట. మనిషి తనకి తాను ఎంత చక్కగా అర్జీ రాసుకుంటాడో.

ఆయన పోయాడు. ఆమెని అనుమానిస్తూనే పోయాడు. చివరి రోజుల్లో ఏమైనా అన్నాడేమో అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

కర్మలు అయ్యాక సంతోషమ్మ లైన్లో అందరినీ పిలిచి, ఎవరి బిళ్ళ వాళ్లు తీసుకుపొమ్మంది. ఒక్కొక్కరే వచ్చి తీసుకున్నారు. కొందరు చనిపోయి ఉంటే వాళ్ల పిల్లలు తీసుకున్నారు. నేను చివర వెళ్లాను. బోర్డు మీద నాదొక్కటే మిగిలింది. తీయబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఆయనకి కడదాకా నిలబడినవాడివి నువ్వే, నీది ఆ మేకుకే ఉండనీ అంది. బిళ్ళని మేకుకే వదిలేసి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఇంకొకటి అడిగింది ఆ రోజు. కోపం లేదు, ఏడుపు లేదు, చాలా మామూలుగా అడిగింది. ఆ ఒక్కటీ ఎవరు వేసుంటారప్పా, నీకెప్పుడైనా తెలిసిందా అని. తెలియలేదు వదినా అన్నాను. ఆయన చచ్చిపోయాడు, ఇంక గుండె ఆగేది ఎవరిది? అయినా అదే అన్నాను. పాత భయం కాదు అది. ఆమె కొంగున ఇప్పటికీ ఆ బిళ్ళ ముడి ఉంది, అది చూశాను. తొమ్మిదేళ్ల ఆదివారాలు ఏ ముఖంతో తిరిగిస్తాను?

మళ్లీ ఎన్నికలు వచ్చాయి, పోయాయి. ఇళ్ల పత్రాలు ఇస్తామని అందరూ అన్నారు, ఇప్పటికీ అంటున్నారు. నేను ఓటు వేయడం మానేశాను. వేలికి సిరా లేకపోతే మా ఆవిడ తిడుతుంది. చేతిరాత కూడా పాడైంది, అర్జీలకి ఇప్పుడు ఎవరూ రావడంలేదు, అన్నీ కంప్యూటర్లో కొట్టించుకుంటున్నారు. నిన్న ఆదివారం. సంతోషమ్మ కర్ర పట్టుకుని మా గుమ్మం ముందు నుంచి వెళ్లింది. నన్ను చూసి ఎప్పటిలాగే బాగుండావా అప్పా అని పలకరించింది. ఆమె మలుపు తిరిగాక ఇంట్లోకి వచ్చి ఈ కాగితం తీశాను.

క్షమించమని అడగను. అడిగే హక్కు నాకు లేదు, ఇచ్చే హక్కున్న ఇద్దరిలో ఒకరు మట్టిలో ఉన్నారు. మీరు కూడా నన్ను క్షమించకండి. ఇంతవరకు విన్నారు, అది చాలు. రాస్తూ ఉంటే ఊపిరి కొంచెం కిందిదాకా పోతున్నట్టుంది, అబద్ధం ఎందుకు, హాయిగా ఉంది. ఈ హాయి కూడా నాకు న్యాయం కాదేమో.

ఒక మాట మిగిలింది. ఏళ్ల తరబడి గంగన్న కోసం నేను రాసినవన్నీ కన్నడంలో రాశాను, ఆఫీసుల కోసం. ఇది తెలుగులో రాశాను. సంతోషమ్మ చదవగలిగేది తెలుగొక్కటే, పెద్దక్షరాల బైబిలు రోజూ చదువుతుంది. పేర్లు మార్చినా ఆమె గుర్తుపట్టేస్తుంది. గుర్తుపట్టాలి.

వదినా, ఆ కప్పూ సాసరుకి పడిన ఓటు నాది. నువ్వు నిచ్చెనకే వేశావు. మీ నాయన బిళ్ళ ఆ మొదటి మేకుకి తగిలించి, నాది తీసేయ్.